ఎత్తు మారే దారులు: టర్బో, సూపర్‌చార్జర్ కార్ల ట్యూనింగ్

వాతావరణ పీడనం సిలిండర్లలోకి తోసే గాలితో సరిపెట్టుకోకుండా, కంప్రెసర్ సాయంతో అంతకంటే ఎక్కువ గాలిని నింపుకొనే ఇంజన్లు కార్లలో ప్రధానంగా రెండు విధాలుగా కనిపిస్తాయి. ఇంజన్ వదిలే వేడి వాయువులతో టర్బైన్ చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసన అమర్చిన కంప్రెసర్‌ను నడిపేది టర్బోచార్జర్ కాగా, క్రాంక్‌షాఫ్ట్ నుంచి బెల్టు ద్వారానో గేర్ల ద్వారానో శక్తిని తీసుకొని నడిచేది సూపర్‌చార్జర్. ఇలాంటి ఇంజన్‌కు ఎంత గాలి అందించాలి, దానికి ఎంత ఇంధనం కలపాలి, స్పార్కు ఏ క్షణాన పడాలి అన్న లెక్కలను ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరైన ఈసీయూలో సవరించడాన్ని, అవసరమైతే యంత్రభాగాలను మార్చడాన్ని కలిపి ట్యూనింగ్ అంటారు. ఆ లెక్కల పట్టికలను ఈ రంగంలో మ్యాప్‌లు అని వ్యవహరిస్తారు. ఎప్పుడూ ఒకే ఎత్తులో తిరిగే కారుకు ఈ పని ఒకసారి చేస్తే సరిపోతుంది గాని, ఒక్క రోజు ప్రయాణంలో రెండు మూడు వేల మీటర్లు ఎక్కి దిగే కారు విషయంలో ప్రతి మ్యాప్‌కూ బయటి గాలి పీడనం అనే మరో కొలత తోడవుతుంది. ఎంత ఎత్తుకు వెళ్ళినా టర్బో కారు బలం తగ్గదన్న నమ్మకం వాహన ప్రియుల్లో గట్టిగా ఉంది. అది కొంతవరకే నిజం. ఎత్తులో తగ్గిన గాలి లోటు డ్రైవరుకు తెలియకుండా పూడినా, ఆ భారాన్ని టర్బో తన భ్రమణ వేగంతోనూ, ఇంజన్ తన వేడితోనూ భరిస్తుంటాయి కనుక, ఏ ఎత్తులో ఎంత బలాన్ని తెలిసి వదులుకోవాలో నిర్ణయించడమే ఈ ట్యూనింగ్‌లో అసలు పని.

గాలి పలచబడే తీరు

ఇంజనీర్లు లెక్కలకు ఆధారంగా పెట్టుకొనే అంతర్జాతీయ ప్రామాణిక వాతావరణం ప్రకారం సముద్రమట్టం దగ్గర పీడనం 101.3 కిలోపాస్కళ్ళు, ఉష్ణోగ్రత 15 సెల్సియస్ డిగ్రీలు, ఒక ఘనపు మీటరు గాలి ద్రవ్యరాశి 1.225 కిలోలు. పీడనం 1,500 మీటర్ల ఎత్తులో దాదాపు 84.6 కిలోపాస్కళ్ళకు, 3,000 మీటర్ల దగ్గర 70కి, 4,300 మీటర్ల దగ్గర 59కి, 5,000 మీటర్ల దగ్గర 54కు దిగుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుంది, చల్లని గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి సాంద్రత మాత్రం పీడనమంత వేగంగా పడిపోదు. 4,300 మీటర్ల దగ్గర పీడనం సముద్రమట్టంలోని దానిలో 58 శాతానికి తగ్గితే సాంద్రత 65 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో ఆక్సిజన్ వంతు కొండ మీదనైనా కోస్తాలోనైనా దాదాపు 21 శాతమే. తగ్గేది ఒక్క గుక్కలో సిలిండరులోకి వచ్చే మొత్తం గాలి. కంప్రెసర్ లేని మామూలు ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పదో వంతు బలం కోల్పోవడానికి కారణం ఇదే.

ఎత్తు ఒక్కటే చూసి ట్యూనింగ్ చేయడం చాలదు. అమెరికాలోని డెన్వర్ నగరం 1,609 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు ఉన్న రోజున గాలి సాంద్రత ప్రామాణిక లెక్కలో సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉండవలసినంత తక్కువగా ఉంటుంది. పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ కలిపి ఇలా కట్టే ఎత్తును విమానయానంలో సాంద్రతా ఎత్తు అంటారు. మే నెల ఎండలో మైదానంలో బయలుదేరి మంచు ఉన్న కనుమ దాకా వెళ్ళే కారుకు పీడనం, ఉష్ణోగ్రత రెండూ ఒకేసారి మారుతుంటాయి కనుక ఈ రెండింటినీ వేర్వేరుగా కొలిచి, వేర్వేరుగా సవరించే మ్యాప్ కావాలి.

విమానం నుంచి కారుకు

టర్బోచార్జర్‌ను వాడుకలోకి తెచ్చినవాటిలో ఎత్తు సమస్య ముఖ్యమైనది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖీ 1905లో ఈ ఆలోచనకు పేటెంటు పొందగా, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో ఆగుస్త్ రాతో విమాన ఇంజన్లకు టర్బోలను అమర్చే ప్రయత్నాలు చేశాడు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ మాస్ 1918లో లిబర్టీ విమాన ఇంజన్‌ను కొలరాడో రాష్ట్రంలోని పైక్స్ పీక్ శిఖరానికి, అంటే సుమారు 4,300 మీటర్ల ఎత్తుకు చేర్చి పరీక్షించాడు. కింద సుమారు 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజన్ శిఖరం మీద టర్బో లేకుండా 230 దగ్గర ఆగిపోయి, టర్బో బిగించాక 356 ఇచ్చింది. సముద్రమట్టంలోని పీడనాన్ని కంప్రెసర్ ఎంత ఎత్తు దాకా నిలబెట్టగలదో ఆ హద్దుకు విమాన ఇంజనీర్లు క్రిటికల్ ఆల్టిట్యూడ్ అని పేరు పెట్టారు. ఆ హద్దు దాటితే టర్బో ఇంజన్ కూడా మామూలు ఇంజన్ లాగే బలం కోల్పోతుంది. కారుకూ అలాంటి హద్దు ఉంటుంది గాని, కార్ల బ్రోషర్లలో అది కనిపించదు.

కార్ల పందేల్లో ఈ తేడా ప్రపంచం కళ్ళబడింది ఫార్ములా వన్‌లో. సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉన్న దక్షిణాఫ్రికాలోని క్యాలమీ ట్రాక్‌లో 1980లో రెనో జట్టు టర్బో కారుతో రెనే అర్నూ గెలిచాడు. పలచని గాలిలో టర్బో లేని ప్రత్యర్థుల ఇంజన్లు నీరసించడం ఆ జట్టుకు కలిసివచ్చింది.

గేజి పీడనం, పరమ పీడనం

ఈ విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒక్క కొలత దగ్గరే మొదలవుతాయి. డాష్‌బోర్డు మీది బూస్ట్ మీటరు చూపేది గేజి పీడనం, అంటే బయటి గాలి పీడనం మీద కంప్రెసర్ అదనంగా చేర్చిన పీడనం. ఇంజన్‌కు అసలు లెక్క పరమ పీడనంతో, అంటే పూర్తి శూన్యం నుంచి కొలిచిన మొత్తం పీడనంతో. కంప్రెసర్‌కు సంబంధించిన లెక్క ఈ రెండూ కాక మూడోది: బయటికి పంపే గాలి పరమ పీడనాన్ని, లోపలికి తీసుకొనే గాలి పరమ పీడనంతో భాగిస్తే వచ్చే పీడన నిష్పత్తి.

ఎయిర్ ఫిల్టరు, గొట్టాలు తినే పీడనాన్ని పక్కన పెట్టి ఒక ఉదాహరణ చూస్తే, సముద్రమట్టం దగ్గర మీటరు 100 కిలోపాస్కళ్ళ బూస్ట్ చూపుతున్నప్పుడు ఇంజన్‌లోకి పోయే గాలి పరమ పీడనం 201, పీడన నిష్పత్తి 2.0. మీటరు అదే 100 చూపుతుండగా కారు 3,000 మీటర్లకు చేరితే పరమ పీడనం 170కి తగ్గుతుంది, నిష్పత్తి మాత్రం 2.4కు పెరుగుతుంది, 4,300 మీటర్ల దగ్గర ఆ అంకెలు 159, 2.7 అవుతాయి. అంటే మీటరులో ముల్లు కదలకపోయినా ఇంజన్ గాలి కోల్పోతోంది, కంప్రెసర్ అంతకంటే ఎక్కువ శ్రమిస్తోంది. కింద ఉన్న 201 కిలోపాస్కళ్ళనే పైనా నిలబెట్టాలని ట్యూనర్ పట్టుబడితే నిష్పత్తి 3,000 మీటర్ల దగ్గర 2.9కి, 4,300 దగ్గర 3.4కు చేరాలి. కంపెనీ అమర్చిన చిన్న కంప్రెసర్లలో చాలావాటికి 3.4 అందని అంకె.

పాత పద్ధతి టర్బోలు ఈ లెక్కను తమకు తెలియకుండానే సగం పరిష్కరించేవి. టర్బైన్‌ను తప్పించుకొని పోయేందుకు వేడి వాయువులకు పక్కదారి తెరిచే తలుపును వేస్ట్‌గేట్ అంటారు. దాన్ని తెరిచే డయాఫ్రం ఒకవైపు బూస్ట్ పీడనానికి, మరోవైపు స్ప్రింగుకూ బయటి గాలికీ లోబడి ఉంటుంది కాబట్టి అది కాపాడేది గేజి పీడనాన్నే. అందువల్ల అలాంటి కారు కొండెక్కే కొద్దీ కొంత బలాన్ని తనంతట తానే వదులుకొని, టర్బో మీద మరీ ఎక్కువ భారం పడకుండా చూసుకొనేది. కంప్యూటరు నడిపే సోలినాయిడ్లు, విద్యుత్ మోటార్లు వేస్ట్‌గేట్‌ను ఆడించడం మొదలయ్యాక లక్ష్యం పరమ పీడనానికి మారింది. బలం నిలిచింది, సహజంగా ఉన్న ఆ రక్షణ పోయింది. దాని స్థానంలో మ్యాప్‌లో ఒక హద్దును రాయవలసిన బాధ్యత మనుషుల మీద పడింది.

టర్బో మీద పడే భారం

ప్రతి కంప్రెసర్‌కూ తయారీదారు ఇచ్చే పటం ఒకటి ఉంటుంది. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా పీడన నిష్పత్తి, మధ్యలో సమాన సామర్థ్యాన్ని చూపే వలయాలు, వాటి మీదుగా భ్రమణ వేగపు గీతలు ఉండే ఆ పటంలో ఎడమ అంచు సర్జ్ గీత, కుడి అంచు చోక్ హద్దు. నిష్పత్తి ఎక్కువై ప్రవాహం తక్కువైనప్పుడు గాలి కంప్రెసర్ రెక్కల మీద పట్టు తప్పి వెనక్కి ఉబికి, చక్రాన్నీ బేరింగులనూ కుదిపివేయడమే సర్జ్. ప్రవాహం ఎక్కువై గొంతు చాలక, ఎంత తిప్పినా గాలి పెరగని స్థితి చోక్.

పటంలోని ప్రవాహం ప్రామాణిక పరిస్థితులకు సవరించిన ప్రవాహం కావడం ఇక్కడ కీలకం. పలచని గాలిలో అంతే ద్రవ్యరాశిని లాగాలంటే ఎక్కువ ఘనపరిమాణాన్ని మింగాలి. సముద్రమట్టం దగ్గర 25 డిగ్రీల వద్ద ఇంజన్‌కు పంపినంత గాలినే 4,300 మీటర్ల దగ్గర 5 డిగ్రీల వద్ద పంపాలంటే పటంలో ప్రవాహం సుమారు 65 శాతం ఎక్కువ చోటికి జరుగుతుంది. నిష్పత్తి పైకి, ప్రవాహం కుడికి కదలడంతో పనిచేసే బిందువు పటం కుడి పై మూలకు, అంటే సామర్థ్యం పడిపోయే, వేగం హద్దు దాటే చోటికి చేరుతుంది. చిన్న కార్ల టర్బోలు మామూలుగానే నిమిషానికి రెండు లక్షల చుట్లు మించి తిరుగుతాయి. ఆ పైన ఇంకా తిప్పితే కంప్రెసర్ చక్రం అలసి పగిలిపోయే ప్రమాదం ఉంది. తక్కువ ఇంజన్ వేగంలో నిండు బూస్ట్ కోరితే ఇందుకు భిన్నంగా నిష్పత్తి పెరిగి బిందువు సర్జ్ గీతను తాకుతుంది. కింద ఏ బాధా లేని మ్యాప్, పైన ఒకే ప్రయాణంలో రెండు అంచులనూ తాకగలదు.

వేడి లెక్క మరింత స్పష్టం. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఎంత వేడెక్కుతుందో నిష్పత్తినీ కంప్రెసర్ సామర్థ్యాన్నీ బట్టి తేల్చవచ్చు. 25 డిగ్రీల గాలిని 72 శాతం సామర్థ్యంతో 2.0 నిష్పత్తికి నొక్కితే అది సుమారు 116 డిగ్రీలకు చేరుతుంది. 4,300 మీటర్ల దగ్గర గాలి 5 డిగ్రీల చల్లదనంతో లోపలికి వచ్చినా, 3.4 నిష్పత్తికి 65 శాతం సామర్థ్యంతో నొక్కితే 184 డిగ్రీల దాకా వెళుతుంది. కొండ మీది చలి ఇంజన్‌ను కాపాడుతుందన్న ఊహ ఈ లెక్క ముందు నిలవదు. ఆ వేడిని తీసివేయవలసిన ఇంటర్‌కూలర్ మీదుగా వీచే గాలి కూడా పలచనే కావడంతో దాని పని మరింత కష్టమవుతుంది.

టర్బైన్ వైపు కొంత అనుకూలత ఉంది. సైలెన్సర్ చివర బయటి పీడనం తక్కువ కాబట్టి వేడి వాయువులు టర్బైన్‌లో ఎక్కువగా వ్యాకోచించి ఎక్కువ పని చేస్తాయి. టర్బో కొంతమేరకు ఎత్తును దానంతట అదే సర్దుకొనేది ఇందువల్లనే. అయితే బూస్ట్ చాలక వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుపోయాక ఇంజన్‌కూ టర్బైన్‌కూ మధ్య పీడనం పెరిగి, కాలిన వాయువులు సిలిండరులోనే మిగిలిపోయి, తర్వాతి మిశ్రమాన్ని ముందే వేడెక్కిస్తాయి. వేస్ట్‌గేట్ మూసుకొని ఉండగా ఇంకా బూస్ట్ కోరే మ్యాప్‌కు ఇవ్వడానికి ఏమీ మిగలదు. అది వేడిని మాత్రమే పెంచుతుంది. టర్బో వేగాన్ని నేరుగా కొలిచే సెన్సర్‌ను అమర్చుకొని ఆ వేగానికే హద్దు పెట్టడం ఎత్తు మారే దారులకు అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి; సెన్సర్ లేనిచోట బయటి పీడనం తగ్గేకొద్దీ అనుమతించే పీడన నిష్పత్తికి పై హద్దు రాసి, ఆ హద్దు నుంచి బూస్ట్ లక్ష్యాన్ని లెక్కగట్టించాలి.

సూపర్‌చార్జర్ దారి వేరు

రూట్స్, ట్విన్‌స్క్రూ రకాల సూపర్‌చార్జర్లు ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ఇంత ఘనపరిమాణం అన్న లెక్కన గాలిని తోస్తాయి కాబట్టి వాటి పీడన నిష్పత్తి ఎత్తును బట్టి పెద్దగా మారదు. సముద్రమట్టం దగ్గర 1.7 నిష్పత్తితో 172 కిలోపాస్కళ్ళు ఇచ్చేది 3,000 మీటర్ల దగ్గర అదే నిష్పత్తితో 119 మాత్రమే ఇస్తుంది. మీటరులో బూస్ట్ 71 నుంచి 49కి పడిపోతుంది. రెక్కల చక్రంతో పనిచేసే సెంట్రిఫ్యూగల్ రకంలోనూ నిష్పత్తి చక్రపు వేగం మీద ఆధారపడుతుంది కనుక ఫలితం ఇంచుమించు అదే. ఈ కార్లు ఎత్తులో మామూలు ఇంజన్ల వంతునే బలం కోల్పోతాయి, వాటి మీద అదనపు భారం పడదు. చిన్న పుల్లీ వేసి సూపర్‌చార్జర్ వేగం పెంచడం కొండ ప్రాంతాల్లో వాడుకలో ఉన్న పరిష్కారం. అయితే ఆ పుల్లీతోనే మైదానానికి దిగితే బూస్ట్ ఇంజన్ తట్టుకోగలిగినంత దాటిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్ రెండు వేగాల గేర్లతో ఈ చిక్కును దాటింది గాని, అంత ఏర్పాటు కార్లకు అరుదు.

ఈసీయూకు ఎత్తు తెలిసే విధానం

బయటి పీడనాన్ని కొలిచే బారోమెట్రిక్ సెన్సర్ ఈ మొత్తం వ్యవస్థకు ఆధారం. పాత ఈసీయూల్లో విడిగా ఆ సెన్సర్ ఉండేది కాదు. తాళం తిప్పి ఇంజన్ ఇంకా తిరగకముందు, ఇంజన్‌లోకి గాలి పోయే మానిఫోల్డ్‌లోని సెన్సర్ చూపే పీడనాన్నే బయటి పీడనంగా గుర్తుంచుకొనేవి. ఆపకుండా మూడు గంటలు కొండెక్కిన కారుకు ఆ జ్ఞాపకం పాతబడిపోతుంది. మామూలు ఇంజన్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరిచిన క్షణాన మానిఫోల్డ్ పీడనం బయటి పీడనంతో సమానమవుతుంది కాబట్టి అక్కడ దాన్ని సరిదిద్దుకోవచ్చు, టర్బో ఇంజన్‌లో ఆ అవకాశం లేదు. అందుకే ఎత్తు మారే దారుల కోసం ట్యూన్ చేసే కారులో ఎప్పటికప్పుడు చదివే విడి బారో సెన్సర్ ఉందో లేదో చూడడం మొదటి పని కావాలి.

ఇంధనం లెక్క ఈసీయూ గాలిని కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది. వచ్చే గాలి ద్రవ్యరాశిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారుకు ఎత్తుతో పెద్ద చిక్కు లేదు. మానిఫోల్డ్ పీడనం, ఉష్ణోగ్రత, ఇంజన్ వేగాల నుంచి గాలిని అంచనా వేసే స్పీడ్-డెన్సిటీ పద్ధతిలో మాత్రం ఒక సూక్ష్మమైన తప్పు దొర్లుతుంది. బూస్ట్ లేకుండా నెమ్మదిగా పోతున్నప్పుడు, మానిఫోల్డ్ పీడనం కింద ఉన్నంతే ఉన్నా, పైన సైలెన్సర్ వైపు పీడనం తక్కువ కావడంతో కాలిన వాయువులు సులువుగా వెళ్ళిపోయి కొత్త గాలికి చోటు పెరుగుతుంది; మ్యాప్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మిశ్రమంలో ఇంధనం చాలదు. నిండు బూస్ట్‌లో, వేస్ట్‌గేట్ మూసుకొని టర్బైన్ ముందు పీడనం పెరిగినప్పుడు, తప్పు తిరగబడి ఇంధనం ఎక్కువవుతుంది. కాబట్టి ఒక్క గుణకంతో మొత్తం పట్టికను పెంచడమో తగ్గించడమో కాక, బారో పీడనానికీ మానిఫోల్డ్ పీడనానికీ కలిపి ఒక సవరణ పట్టిక కావాలి. థ్రాటిల్ ఎంత తెరుచుకుందన్నదాన్ని మాత్రమే చూసి ఇంధనం పోసే పద్ధతి టర్బో కారుకు ఎత్తు మారే దారిలో అసలు పనికిరాదు.

స్పార్కు విషయంలో కింది పరిమితులు పైన అలాగే వర్తించవు. మిశ్రమం దానంతట అది వేడికి అంటుకొని పిస్టన్‌ను కొట్టే నాకింగ్ అనే లోపం, గాలి తగ్గిన మామూలు ఇంజన్‌లో ఎత్తుతో పాటు తగ్గుతుంది. అమెరికాలోని కొలరాడో వంటి కొండ రాష్ట్రాల్లో పెట్రోలు బంకుల్లో నాకింగ్‌ను అంతగా తట్టుకోని 85 ఆక్టేన్ పెట్రోలు అమ్మడం కార్బురెటర్ల కాలపు ఈ అనుభవం నుంచి వచ్చినదే. టర్బోతో పీడనాన్ని కింది స్థాయికి నింపుకొనే ఇంజన్‌కు ఆ వెసులుబాటు ఉండదు. పైన చెప్పినట్లు లోపలికి వచ్చే గాలి ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి స్పార్కును ఆలస్యం చేయవలసిందే. అక్కడి తక్కువ ఆక్టేన్ పెట్రోలును టర్బో కారులో పోయడం ఇంజన్‌కు ముప్పు.

దిగేటప్పుడు వచ్చే ప్రమాదం గురించి ఎక్కేటప్పటి ప్రమాదమంతగా మాట్లాడరు గాని, ఇంజన్లు దెబ్బతినడానికి అది కూడా కారణమవుతుంది. పైన బూస్ట్ చాలడం లేదని గమనించిన ఈసీయూ, వేస్ట్‌గేట్‌ను ఇంకా ఇంకా మూసి ఉంచాలని నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్నది బారో పీడనంతో ముడిపడి లేకపోతే, చిక్కని గాలిలోకి దిగాక డ్రైవరు ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కగానే బూస్ట్ లక్ష్యాన్ని దాటి ఎగబాకుతుంది. వేస్ట్‌గేట్ తెరుపును నిర్ణయించే మూలపట్టికను బారో పీడనం వారీగా రాసి, కంప్యూటరు సొంతంగా దిద్దుకొనే భాగానికి చిన్న హద్దు పెట్టడమే దీనికి విరుగుడు.

డైనో అంకెలు

ఇంజన్ బలాన్ని కొలిచే డైనో యంత్రాలు ఆ రోజు వాతావరణాన్ని బట్టి ఫలితాన్ని సవరించి చూపుతాయి. అమెరికా వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ రూపొందించిన జె1349 ప్రమాణం 25 డిగ్రీలు, 99 కిలోపాస్కళ్ళ పొడి గాలిని ఆధారంగా తీసుకుంటుంది. డెన్వర్ ఎత్తులో ఈ సవరణ బలాన్ని సుమారు ఐదో వంతు పెంచి చూపుతుంది. మామూలు ఇంజన్‌కు అది న్యాయమే. టర్బో అప్పటికే ఎత్తు లోటును చాలావరకు పూడ్చుకొని ఉంటుంది కాబట్టి దాని అంకెకు అదే సవరణ కలిపితే లేని బలం కాగితం మీద పుట్టుకొస్తుంది. ఎత్తు ప్రాంతపు వర్క్‌షాపులు ప్రకటించే టర్బో కార్ల అంకెలను సవరణ లేకుండా అడిగి చూడడం మంచిది.

పైక్స్ పీక్ పరీక్ష

మాస్ 1918లో ఇంజన్‌ను మోసుకెళ్ళిన ఆ శిఖరం మీదికే 1916 నుంచి కార్ల పందెం జరుగుతోంది. 19.99 కిలోమీటర్ల దారిలో 156 మలుపులు. మొదలయ్యే చోటు 2,862 మీటర్ల ఎత్తు, ముగిసే చోటు 4,302 మీటర్లు. అంటే పందెం మొదలయ్యేసరికే గాలి పీడనం 71 కిలోపాస్కళ్ళ దగ్గర ఉంటుంది, పది నిమిషాల్లోపు 59కి దిగుతుంది. ఇక్కడి కార్లకు కంప్రెసర్‌ను శిఖరం దగ్గరి ప్రవాహాన్ని చూసి ఎంచుతారు. దాంతో కింద మలుపుల్లో టర్బో ఆలస్యంగా మేల్కొంటుంది. గాలి ఎక్కువ కావాలంటే పెద్ద చక్రం, త్వరగా మేల్కోవాలంటే చిన్న చక్రం అన్న ఈ బేరం మరే పందెంలోనూ ఇంత తీవ్రంగా ఉండదు. ఇంజన్ కోల్పోయినదాన్ని రెక్కలు కూడా కోల్పోతాయి కనుక కారును నేలకు అదిమి ఉంచే రెక్కలను ఇక్కడ మిగతా చోట్ల కనిపించనంత పెద్దవిగా బిగిస్తారు.

ఈ దారి చరిత్ర చాలావరకు టర్బో చరిత్రే. ఆడి క్వాట్రో కారుతో మిషెల్ ముతాన్ 1985లో 11 నిమిషాల 25.39 సెకన్లతో రికార్డు నెలకొల్పగా, 1987లో వాల్టర్ రోర్ల్ 10 నిమిషాల 47.85 సెకన్లకు తెచ్చాడు. మరుసటి ఏడాది ప్యూజో 405 టర్బో కారుతో ఆరి వతానెన్ దాన్ని అర సెకను పైచిలుకు తేడాతో దాటాడు. జపాన్‌కు చెందిన నొబుహిరో తజిమా 2011లో 9 నిమిషాల 51.278 సెకన్లతో పది నిమిషాల గీత దాటాడు. దారి మొత్తం తారురోడ్డుగా మారాక 2013లో సెబాస్టియన్ లోబ్ నడిపిన ప్యూజో 208 టీ16 కారు 8 నిమిషాల 13.878 సెకన్లలో శిఖరం చేరింది, 3.2 లీటర్ల రెండు టర్బోల వీ6 ఇంజన్‌తో దాని బలం 875 హార్స్‌పవర్, బరువు 875 కిలోలు. ఆ రికార్డును 2018లో బద్దలు కొట్టింది అసలు గాలితో పనిలేని ఫోక్స్‌వాగన్ విద్యుత్ కారు. రొమెఁ ద్యూమా దాన్ని 7 నిమిషాల 57.148 సెకన్లలో పైకి చేర్చాడు.

హిమాలయ దారులు, తెలుగు ప్రయాణికులు

తెలుగు రాష్ట్రాల్లో ఎత్తు కోసం ట్యూనింగ్ అవసరమయ్యే రోడ్డు లేదు. తూర్పు కనుమల్లో ఎత్తైన అర్మ కొండ శిఖరమే సుమారు 1,680 మీటర్లు; విశాఖపట్నం తీరం నుంచి అరకు లోయకు ఎక్కే కారుకు గాలి పీడనం తగ్గేది పదో వంతే కాబట్టి కంపెనీ ఇచ్చిన మ్యాప్ దాన్ని తేలికగా సర్దుకుంటుంది. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో రీమ్యాప్ చేయించుకొన్న టర్బో కారుతో లదాఖ్ యాత్రకు బయలుదేరినప్పుడు పరిస్థితి వేరు. హైదరాబాద్‌లో 95 కిలోపాస్కళ్ళ దగ్గర ఉండే పీడనం 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 66కు, 5,359 మీటర్ల ఖర్‌దుంగ్ లా కనుమ మీద 52 లోపుకు, 5,798 మీటర్ల ఉమ్‌లింగ్ లా మీద 49 లోపుకు పడిపోతుంది. మోటారు రోడ్డు మీద ఇంతకంటే పలచని గాలి దొరికే చోట్లు ప్రపంచంలో బహు తక్కువ. పైక్స్ పీక్ శిఖరం కూడా ఈ రెండు కనుమలకు వెయ్యి మీటర్లకు పైగా కింద ఉంటుంది.

ఇక్కడ కారును ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేగంలో తగ్గే బలం కాదు, నిలిచిన చోటి నుంచి కదలలేకపోవడం. టర్బో ఇంకా తిరగని క్షణాన ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజన్ ఖర్‌దుంగ్ లా మీద సముద్రమట్టంలోని అర లీటరు పైచిలుకు ఇంజన్ పాటి గాలినే తీసుకుంటుంది. వెలువడే వాయువులు కూడా అంతే తక్కువ కనుక టర్బో మేల్కోవడానికి మరింత సమయం పడుతుంది. ఎక్కుడు మీద, నలుగురు మనుషులూ సామానూ ఉన్న కారును అలా కదిలించబోయి క్లచ్ కాల్చుకోవడం ఈ దారుల్లో తరచుగా జరిగేదే. కదిలే ముందు కాస్త ఎక్కువ ఇంజన్ వేగం, త్వరగా మేల్కొనేలా సర్దిన వేస్ట్‌గేట్ పట్టిక దీనికి ఉపకరిస్తాయి. డీజిల్ కార్లలో టర్బైన్ రెక్కల కోణాన్ని మార్చే ఏర్పాటు వల్ల ఈ బాధ కొంత తగ్గుతుంది. అయితే గాలి చాలనప్పుడు డీజిల్ ఎక్కువ పోసే మ్యాప్ నల్లని పొగను, వేడిని తప్ప బలాన్ని ఇవ్వదు.

ఇంజన్ మ్యాప్‌కు బయట రెండు విషయాలను ట్యూనర్ విస్మరించరాదు. బ్రేకు పెడలుకు సాయపడే బూస్టర్ బయటి గాలికీ లోపలి శూన్యానికీ మధ్య తేడాతో పనిచేస్తుంది; ఇంజన్ మానిఫోల్డ్ నుంచే శూన్యాన్ని తీసుకొనే కారులో సముద్రమట్టం దగ్గర దాదాపు 70 కిలోపాస్కళ్ళుండే ఆ తేడా ఖర్‌దుంగ్ లా మీద 20 దాకా పడిపోవచ్చు, విడి వాక్యూమ్ పంపు ఉన్న కారులోనూ 52 దాటదు. రెండోది చల్లబరచే వ్యవస్థ: రేడియేటర్ గుండా అదే వేగంతో పోయే గాలి ద్రవ్యరాశి అక్కడ సముద్రమట్టంలోని దానిలో దాదాపు 58 శాతమే, పైగా రేడియేటర్ మూత బయటి పీడనం మీదనే అదనపు పీడనాన్ని నిలుపుతుంది కనుక కూలెంట్ మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది.

కొండ దారుల్లో మంచి ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుందన్న నమ్మకం లేదు, టర్బో చెడితే మార్చే వర్క్‌షాపు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి ఈ దారులకు రాసే మ్యాప్ సాధారణ పెట్రోలుతోనే రాయాలి, 3,000 మీటర్లు దాటాక బూస్ట్ లక్ష్యాన్ని మెట్లు మెట్లుగా తగ్గించాలి, బారో పీడనం, మానిఫోల్డ్ పీడనం, వేస్ట్‌గేట్ స్థితి, లోపలికి వచ్చే గాలి వేడి, నాకింగ్ సంకేతాలను ఎత్తులో నడిపి నమోదు చేసి సరిచూడాలి. సముద్రమట్టం దగ్గర ఒక డైనో మీద చేసిన పరీక్ష వీటిలో దేనికీ బదులు కాదు. రీమ్యాప్ చేయించుకొన్న యజమాని కొండెక్కే ముందు తన ట్యూనర్‌ను అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మ్యాప్‌లో పీడన నిష్పత్తికి గాని, టర్బో వేగానికి గాని ఏ ఎత్తున ఏ హద్దు రాసి ఉంది? దానికి అంకెలతో జవాబు రాకపోతే కంపెనీ మ్యాప్‌ను తిరిగి ఎక్కించుకొని బయలుదేరడమే సరైన నిర్ణయం.